నేలవేము నుంచి ఆండ్రోగ్రాఫోలైడ్ తీయడం: కాలమ్ వెయ్యకముందు చెయ్యాల్సిన పని

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆయుర్వేద కొట్లో కొన్న నేలవేము పొడి 200 గ్రాములు తీసుకుని మిథనాల్‌తో 12 గంటలు సాక్స్‌లెట్ (మరిగే సాల్వెంట్‌తో పదేపదే సారం లాగే గాజు పరికరం) నడిపావు, 30 గ్రాముల నల్లపచ్చ జిగురు వచ్చింది, అందులో 10 గ్రాములు మిథనాల్‌లోనే కరిగించి 100 గ్రాముల సిలికా కాలమ్ (కలిసున్న పదార్థాల్ని విడదీసే సిలికా పొడి గొట్టం) మీద పోశావు, కింద దిగినదాన్ని 80 ఫ్రాక్షన్లుగా పట్టావు, అన్నీ పచ్చగానే ఉన్నాయి, టీఎల్‌సీలో (సిలికా పూసిన ప్లేట్ మీద విడదీసి చూసే పరీక్షలో) చుక్క పడాల్సిన చోట తోక లాగుతోంది, మీ గైడ్ గారేమో "యాక్టివ్ కాంపౌండ్ ఐసోలేట్ చెయ్" అని వదిలేశారు, రెండు నెలల్లో థీసిస్ ఇవ్వాలి. ఇదే కదా. కంగారు పడకు, మొదటి కాలమ్ అందరూ ఇలాగే తగలేస్తారు, నేనూ తగలేశాను. ఈ మొక్కల కెమిస్ట్రీలో ఇరవై ఏళ్లకు పైగా నలిగాక చెప్తున్నా, నీ గొడవంతా కాలమ్ దగ్గర మొదలైంది కాదు, కాలమ్‌కి ముందే పని చెడింది.

ముందు ఆ పొడి సంగతి చూద్దాం. పొడి చేశాక ఏ మొక్కయినా ఆకుపచ్చ పొడే, అది నేలవేమే అని నీకెవరు చెప్పారు, కొట్టువాడు. మన బజార్లలో నేలవేముకీ చిరాతకీ ఎప్పట్నుంచో కలగాపులగం ఉంది, అసలు చిరాత హిమాలయాల వైపు దొరికే వేరే మొక్క, ఖరీదెక్కువ, దాని పేరు మీద నేలవేము అమ్మడం మామూలే. రెండూ చేదంటే చేదు, నాలుక మీద వేసుకుంటే తేడా తెలీదు, కానీ లోపలున్న రసాయనాలు వేరు. నేలవేము చేదు డైటర్పీన్ లాక్టోన్లది, ముఖ్యంగా ఆండ్రోగ్రాఫోలైడ్‌ది. చిరాత చేదు స్వెర్షియామారిన్, అమరోజెంటిన్ లాంటి వాటిది, అవి పూర్తిగా వేరే కుటుంబం. కాబట్టి పొడి కొనకు. పూతకొచ్చిన మొక్క పువ్వుతో సహా తెచ్చుకో, మన పొలం గట్ల మీదా తోటల నీడలోనూ దొరుకుతుంది, ఒక కొమ్మని హెర్బేరియం షీట్ చేసి మీ బోటనీ డిపార్ట్‌మెంట్‌లో గానీ హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే వాళ్ల దక్కన్ రీజనల్ సెంటర్‌లో గానీ చూపించి వోచర్ నంబర్ (ఆ షీట్‌కిచ్చే గుర్తింపు నంబర్) తీసుకో. ఇదంతా ఫార్మాలిటీ అనుకుంటారు కుర్రాళ్లు, కాదు.

ఎందుకు కాదో చెప్తా, ఇది మన ఇంటి కథే. నేల ఉసిరి తెలుసుగా, పచ్చకామెర్లకి పల్లెల్లో ఇచ్చేది. ఆంధ్రా యూనివర్సిటీలో ఎల్. రామచంద్ర రావు గారి బృందం 1960లలో అందులోని ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే లిగ్నాన్ల మీద పని చేసి నిర్మాణాలు తేల్చే పేపర్లు వేసింది, మొక్క పేరు అప్పట్లో అందరూ రాసినట్టే ఫిల్లాంథస్ నిరూరి అని రాశారు. తర్వాత వర్గీకరణ వాళ్లు చూసి, అసలు నిరూరి అమెరికా ఖండం మొక్క, మన దగ్గర ఆ పేరుతో తిరిగేవి అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ అని విడగొట్టారు, ఫిల్లాంథిన్ దండిగా ఉండేది అమారస్‌లో. ఈ మూడూ ఒకే గట్టు మీద పక్కపక్కనే మొలుస్తాయి, పై చూపుకి ఒకేలా ఉంటాయి. ఫ్రాటర్నస్ పీక్కొచ్చి ఫిల్లాంథిన్ కోసం ఏడాదిపాటు కాలమ్‌లు వేసిన కుర్రాడు ఒకడు నాకు తెలుసు, వాడి చేతివాటం బాగానే ఉంది, మొక్కే తప్పు.

సరే, మొక్క సరైనదే అనుకుందాం. ఏ భాగం? కొట్లో అమ్మేది పంచాంగం, అంటే వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ అన్నీ కలిపి దంచింది, బరువులో సగానికి పైగా పుల్లలే ఉంటాయి. ఆండ్రోగ్రాఫోలైడ్ ఎక్కువగా ఆకులో ఉంటుంది, ఎండు ఆకులో రెండు శాతం దాటడం మామూలు, పుల్లలో చాలా తక్కువ. పూత మొదలయ్యే టైమ్‌లో కోసి, ఆకులు దూసి, నీడలో ఆరబెట్టు, ఎండలో కాదు. ఇంకోటి, పాత సరుకు వద్దు. నిల్వ ఉన్నకొద్దీ ఆండ్రోగ్రాఫోలైడ్ తగ్గుతుంది, అదే నీటి అణువు ఒకటి పోగొట్టుకుని 14-డీఆక్సీ-11,12-డైడీహైడ్రో ఆండ్రోగ్రాఫోలైడ్ అనే తోబుట్టువు పెరుగుతుంది (పేరు పొడుగని భయపడకు, కింద డైడీహైడ్రో అనే రాస్తా). కొట్లో రెండేళ్లు డబ్బాలో మూలిగిన పొడిలో నువ్వు వెతుకుతున్నది సగం మిగిలిందో లేదో.

ఇప్పుడు సాక్స్‌లెట్. మన ల్యాబుల్లో మొక్క అనగానే సాక్స్‌లెట్ బిగించడం ఒక అలవాటైపోయింది. 12 గంటలు మరిగే మిథనాల్‌లో ఎక్స్‌ట్రాక్ట్ కుతకుతలాడుతూనే ఉంటుంది, వేడికి తట్టుకోనివి మారిపోతాయి, పైగా క్లోరోఫిల్, టానిన్, చక్కెరలు, ఉప్పులు అన్నీ ఊడ్చుకొస్తాయి. నీ 30 గ్రాముల్లో నీకు కావాల్సింది ఒకటి రెండు గ్రాములుంటే గొప్ప, మిగతాదంతా ఈ సామానే. వేడి ఎంత పని చేస్తుందో చెప్పడానికి మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ని మించిన ఉదాహరణ లేదు. చైనాలో తు యుయు బృందం మలేరియాకి ఆ మందు దొరికే మొక్క కషాయాలు, వేడి ఎక్స్‌ట్రాక్ట్‌లు పరీక్షిస్తుంటే ఫలితం నిలకడగా రాలేదు, పాత వైద్యగ్రంథం ఒకటి తిరగేస్తే అందులో మొక్కని నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని ఉంది, కాచమని లేదు. అది పట్టుకుని ఆమె తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో తీశారు, 1971లో పని చేసే సారం దొరికింది, 1972లో స్ఫటికం చేతికొచ్చింది, 2015లో నోబెల్ వచ్చింది. అందుకే మన వాళ్లు ఆ మూలికని ఎలా వాడతారో, కషాయమా, పసరా, చూర్ణమా, ముందు అది కనుక్కో, కషాయంగా తాగే దాన్ని హెక్సేన్‌తో తీసి అందులో ఏదో దొరికింది, ఇదే మందు అంటే నవ్వుతారు.

నేను చేసే పద్ధతి ఇది. ఆకు పొడి అర కిలో, మరీ మెత్తగా వద్దు, బరకగా ఉండాలి, లేకపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది. రెండున్నర లీటర్ల మిథనాల్ పోసి మూత పెట్టి రాత్రంతా వదిలెయ్, అప్పుడప్పుడు కదుపు, పొద్దున వడకట్టి మళ్లీ కొత్త మిథనాల్, ఇలా మూడుసార్లు. డైక్లోరోమీథేన్, మిథనాల్ సగం సగం కలిపి చల్లగా నానబెట్టే పద్ధతి కూడా ఉంది, అహ్మదాబాద్ ల్యాబ్ ఒకటి 2000లో వేసింది, బాగా పని చేస్తుంది. మొత్తం కలిపి రోటావాప్‌లో (ఒత్తిడి తగ్గించి తక్కువ వేడికే సాల్వెంట్ ఎగరేసే పరికరం) 45 డిగ్రీలు దాటకుండా ఆవిరి చెయ్. ఇప్పుడు అసలు కిటుకు. ఆండ్రోగ్రాఫోలైడ్ టాలీన్ (టోలుయీన్) అనే సాల్వెంట్‌లో దాదాపు కరగదు, క్లోరోఫిల్ చక్కగా కరుగుతుంది. కాబట్టి ఆ జిగురుని టాలీన్‌తో నాలుగైదు సార్లు కడుగు, గాజు కడ్డీతో మెదుపుతూ కడుగు, టాలీన్ ముదురాకుపచ్చ నుంచి లేత రంగుకొచ్చేదాకా. ఇది ఫ్యూమ్ హుడ్‌లోనే, పక్కన బన్సెన్ బర్నర్ వెలిగించి కాదు, ఒకడు అలా చేసి కనుబొమ్మలు కాల్చుకున్నాడు. మిగిలిన ముద్దని గోరువెచ్చని మిథనాల్‌లో కరిగించి, ఇంకా పచ్చగా ఉంటే చిటికెడు యాక్టివేటెడ్ చార్‌కోల్ వేసి, వేడి మీదే వడకట్టు. చిటికెడు అన్నాను, గుప్పెడు కాదు, చార్‌కోల్‌కి రంగు, మందు అని తేడా లేదు, ఎక్కువేస్తే నీ కాంపౌండ్‌ని కూడా మింగేస్తుంది. తర్వాత మిథనాల్ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రా, గాజు గోడ మీద కాస్త మసకేసినట్టు కనపడగానే ఆపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో రెండు రాత్రులు వదిలెయ్. కదపకు, గంటకోసారి తీసి చూడకు.

మొదటిసారి నాకు ఆ పలకల్లాంటి స్ఫటికాలు పడ్డ రోజు ఇప్పటికీ గుర్తుంది, కాలమ్ లేదు ఏమీ లేదు, ఫ్లాస్క్ అడుగున తళతళ. వాటిని వడకట్టి చల్లటి మిథనాల్ కొద్దిగా పోసి కడిగి, మళ్లీ ఒకసారి స్ఫటికీకరణ చేస్తే రంగు లేకుండా వస్తాయి. ఆకులో రెండు శాతం ఉందనుకుంటే అర కిలోకి లెక్క ప్రకారం 10 గ్రాములు, చేతికి మూడు నాలుగు గ్రాములొచ్చినా మంచి పనే చేసినట్టు. 1911లో గోర్టర్ దీన్ని మొదట వేరు చేసినప్పుడు ఇప్పుడున్న క్రొమటోగ్రఫీ ఏదీ లేదు మరి. ఎక్కువ మోతాదులో ఉండి తేలిగ్గా స్ఫటికమయ్యే పదార్థానికి కాలమ్ అక్కర్లేదు, ఈ ముక్క మీ సిలబస్‌లో ఉందో లేదో గానీ ల్యాబ్‌లో నెలలు మిగిల్చేది ఇదే.

కాలమ్ ఎప్పుడు వెయ్యాలంటే, స్ఫటికాలు తీసేశాక మిగిలిన తల్లి ద్రావణం మీద, అందులో ఉన్న చిన్న చిన్న వాటి కోసం. అప్పుడు కూడా నువ్వు చేసినట్టు మిథనాల్‌లో కరిగించి పైన పోస్తే అంతే సంగతులు, మిథనాల్ అంత పోలార్ సాల్వెంట్ సిలికా పట్టుని పోగొట్టి అన్నిటినీ కలిపి కిందికి ఈడ్చుకుపోతుంది, నీకు పచ్చ తోక వచ్చింది అందుకే. శాంపిల్‌ని కొద్ది సిలికాకి పట్టించి, పొడిపొడిగా ఆరబెట్టి, ఆ పొడిని కాలమ్ పైన పలుచని పొరలా వెయ్. సిలికా కనీసం ముప్పై రెట్లు ఉండాలి, నువ్వు పది రెట్లే తీసుకున్నావు. క్లోరోఫాంలో మిథనాల్ రెండు శాతంతో మొదలెట్టి పది దాకా మెల్లగా పెంచు. ముందు డైడీహైడ్రో దిగుతుంది, తర్వాత ఆండ్రోగ్రాఫోలైడ్, చక్కెర తగిలించుకున్న నియోఆండ్రోగ్రాఫోలైడ్ ఇంకా వెనక. పసుపు రంగు బ్యాండ్‌లు కనపడితే పారెయ్యకు, ఈ జాతి మొక్కల్లో మిథాక్సీ ఫ్లేవోన్లు బాగా ఉంటాయి, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ వాళ్లు ఆండ్రోగ్రాఫిస్ జాతి ఫ్లేవనాయిడ్ల మీద చాలా పేపర్లు వేశారు. అసలు ఫ్లేవనాయిడ్లంటే వాల్తేరుకి పాత చుట్టరికం, టి.ఆర్. శేషాద్రి గారు 1949లో ఢిల్లీ వెళ్లకముందు ఆంధ్రా యూనివర్సిటీలోనే పత్తిపువ్వుల రంగుల్ని వేరు చేసి కూర్చున్నారు. పక్కదారి పట్టాను, వస్తున్నా.

టీఎల్‌సీ ప్లేట్‌ని ఒక్క అయోడిన్ చాంబర్‌లో పెట్టి ఊరుకోకు. క్లోరోఫాం-మిథనాల్ తొమ్మిదికి ఒకటిలో నడిపి ముందు 254 యూవీ కింద చూడు, తర్వాత అనిసాల్డిహైడ్-సల్ఫ్యూరిక్ ఆసిడ్ కొట్టి 105 డిగ్రీల్లో వేడి చెయ్, ఇంకో ప్లేట్ మీద కెడ్డే రియేజెంట్ కొట్టు. కెడ్డేకి ఊదా రంగు వచ్చిందంటే అసంతృప్త లాక్టోన్ ఉన్నట్టు, ఆండ్రోగ్రాఫోలైడ్‌లో ఉన్నది అదే. పక్కనే కొన్న స్టాండర్డ్ చుక్క, మధ్యలో రెండూ కలిపిన చుక్క పెట్టు, ఒకే ఎత్తులో ఉన్నంత మాత్రాన ఒకటే అనుకోకు, కలిపిన చుక్క కూడా విడిపోకుండా ఒక్కటిగానే ఉండాలి. స్టాండర్డ్ కొనడానికి డబ్బుల్లేవని, తీసిన స్ఫటికాన్నే స్టాండర్డ్‌గా పెట్టి దాన్ని దాంతోనే పోల్చిన థీసిస్ కూడా చూశాను, ఏం చెప్పమంటావ్.

ఇక గుర్తింపు. మెల్టింగ్ పాయింట్ 230 డిగ్రీల దగ్గర రావాలి, ఐదారు డిగ్రీల వెడల్పులో కరిగితే ఇంకా మలినం ఉన్నట్టే. ఫార్ములాలో 20 కార్బన్లు, 30 హైడ్రోజన్లు, 5 ఆక్సిజన్లు, అణుభారం 350. మాస్ స్పెక్ట్రమ్‌లో (అణుభారం కొలిచే పరీక్ష) ఒక ఉచ్చు ఉంది, చాలామంది పడతారు. పాజిటివ్ మోడ్‌లో ఆండ్రోగ్రాఫోలైడ్ తేలిగ్గా నీటిని పోగొట్టుకుని 333 దగ్గర పెద్ద పీక్ ఇస్తుంది, డైడీహైడ్రో అణుభారం 332, దాని ప్రోటాన్ పీక్ కూడా 333. ఒక్క 333 చూసి ఏదో ఒకటి అని రాసేస్తే సగం ఛాన్స్ తప్పు. సోడియం పీక్ చూడు, ఆండ్రోగ్రాఫోలైడ్‌కి 373, రెండోదానికి 355. యూవీ కూడా పట్టిస్తుంది, మొదటిది 223-225 నానోమీటర్ల దగ్గర, రెండోది 250 దగ్గర. ఎన్ఎంఆర్ (అణువులో ఏ ప్రోటాన్, ఏ కార్బన్ ఎలాంటి చోట ఉందో చూపే పరీక్ష) డీఎంఎస్ఓ అనే సాల్వెంట్‌లో తీయించు, క్లోరోఫాంలో సరిగా కరగదు. 6.6 దగ్గర ఒక వినైల్ ప్రోటాన్, 4.6, 4.8 దగ్గర రెండు సింగ్లెట్లు, అవి ఎక్సోసైక్లిక్ మిథిలీన్‌వి, 4.9 దగ్గర హైడ్రాక్సీ ఉన్న కార్బన్ మీది ప్రోటాన్, 0.67, 1.09 దగ్గర రెండు మిథైళ్లు. కార్బన్‌లో 170 దగ్గర లాక్టోన్ కార్బొనైల్. ఇవి కుదిరితే ఇంక సందేహం లేదు. హెచ్‌పీఎల్‌సీ (యంత్రంతో, ఒత్తిడితో నడిపే కాలమ్) పరిమాణం కోసం చెయ్, సీ18 కాలమ్, మిథనాల్-నీళ్లు, పీడీఏ (ఒకేసారి చాలా తరంగదైర్ఘ్యాలు చూసే) డిటెక్టర్ ఉంటే రెండు తరంగదైర్ఘ్యాలూ చూడు, వాలిడేషన్ (పద్ధతి నమ్మదగిందని రుజువు చెయ్యడం) ఎలా చెయ్యాలో మందుల ప్రమాణాలు చూసే ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ గైడ్‌లైన్‌లో ఉంది, అది చదివితే చాలు. ఒక్క మాట, 223 దగ్గర 99 శాతం ఏరియా వచ్చిందంటే 99 శాతం శుద్ధం అని కాదు, చక్కెర, ఉప్పు, మిగిలిపోయిన సాల్వెంట్ ఆ డిటెక్టర్‌కి కనపడవు.

నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్పి ముందుకెళ్తా. పీహెచ్‌డీ రెండో ఏడు, వేరే మొక్కలో నూనెలాంటి పదార్థం ఒకటి దొరికింది, ఎన్ఎంఆర్‌లో 7.7, 7.5 దగ్గర అరోమాటిక్ ప్రోటాన్లు, 4.2 దగ్గర ఎస్టర్ పక్క ప్రోటాన్లు, పైన బోలెడు అలిఫాటిక్, కొత్త కాంపౌండ్ అని ఎగిరి గంతేశా, పేరు కూడా పెట్టుకున్నా, మా ఊరి పేరు కలిసేలా. మాస్‌లో 149 పీక్ చూసి సీనియర్ అక్క ఒకావిడ "ఇది మొక్కలోది కాదురా, నీ ప్లాస్టిక్ వాష్ బాటిల్‌లోది" అంది. డైఆక్టైల్ థాలేట్, ప్లాస్టిక్ మెత్తబడ్డానికి వేసేది. ఇప్పటికీ దీన్ని ఫలానా మొక్కలో కనుగొన్నాం అని పేపర్లు వస్తూనే ఉన్నాయి. సాల్వెంట్లు డిస్టిల్ చేసుకో, గాజు సీసాల్లో పెట్టుకో, ప్రతిసారీ మొక్క లేకుండా ఖాళీ సాల్వెంట్‌ని కూడా అలాగే ఆవిరి చేసి ఒక బ్లాంక్ నడుపు. అలాగే 136 డిగ్రీల దగ్గర కరిగే తెల్లటి సూదులు వచ్చి లీబర్‌మన్-బర్కార్డ్ అనే స్టిరాల్ పరీక్షకి పచ్చరంగొస్తే పండగ చేసుకోకు, అది బీటా సిటోస్టిరాల్, ఏ మొక్క పట్టుకున్నా ఎదురొస్తుంది.

ఇప్పుడు మీ గైడ్ గారన్న "యాక్టివ్". ఇక్కడ నిజం చెప్పాలి, పైన చెప్పిందంతా చేస్తే నీకు వచ్చేది మార్కర్ కాంపౌండ్, అంటే ఆ మొక్క సరుకు నాణ్యత కొలిచే కొలబద్ద. యాక్టివ్ అని రాయాలంటే మొదట్నుంచీ బయోఅస్సే (జీవకణాల మీదో ఎంజైమ్‌ల మీదో పని చేస్తుందా అని చూసే పరీక్ష) వెంట నడవాలి, ముడి ఎక్స్‌ట్రాక్ట్ టెస్ట్ చేసి, విడదీసిన ప్రతి భాగాన్నీ టెస్ట్ చేసి, పని చేసిన దాన్నే మళ్లీ విడదీసుకుంటూ పోవాలి. లెక్క కూడా కుదరాలి. ఉదాహరణకి ముడి ఎక్స్‌ట్రాక్ట్ ఐసీ50 (సగం అడ్డుకోవడానికి కావాల్సిన మోతాదు, ఎంత తక్కువైతే అంత బలం) మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాములు, శుద్ధ కాంపౌండ్‌ది 40 అనుకో, ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆ కాంపౌండ్ ఐదు శాతమే ఉందనుకో. పనంతా అదొక్కటే చేస్తుంటే ఎక్స్‌ట్రాక్ట్ ఐసీ50 800 రావాలి. 50 వచ్చిందంటే పని చేసేవాళ్లు ఇంకెవరో లోపలున్నారు, నువ్వు వాళ్లని పారబోశావు. ఈ చిన్న గుణకారం చెయ్యకుండానే బోలెడు పేపర్లు అచ్చవుతున్నాయి.

ఇంకో చిక్కు, ఆండ్రోగ్రాఫోలైడ్‌లో ఉన్న ఆ లాక్టోన్ ప్రొటీన్లలో సిస్టీన్‌ని పట్టుకుంటుంది, ఎన్ఎఫ్-కప్పా-బి అనే వాపు ప్రొటీన్‌ని అడ్డుకునేది అలాగే, పీ50 ముక్కలో 62వ సిస్టీన్‌కి అతుక్కుని. వినడానికి బాగుంది, కానీ సిస్టీన్ చాలా ప్రొటీన్లలో ఉంటుంది, కాబట్టి గాజు గొట్టంలో చాలా టెస్టుల్లో "యాక్టివ్" అని చూపిస్తుంది, ఒంట్లోకి వెళ్తే నీళ్లలో సరిగా కరగదు, రక్తంలోకి చేరేది తక్కువ. డీపీపీహెచ్ అనే ఊదా రియేజెంట్ రంగు పోయింది కాబట్టి యాంటీఆక్సిడెంట్, కాబట్టి మందు, అని మాత్రం రాయకు తమ్ముడూ, ఆ టెస్ట్‌లో టీ నీళ్లు కూడా ఫస్ట్ క్లాస్‌లో పాసవుతాయి. మీ దగ్గర బయోఅస్సే సౌకర్యం లేకపోతే థీసిస్ టైటిల్‌లో "మార్కర్ కాంపౌండ్ వేరుచేయడం, పరిమాణం కొలవడం" అని పెట్టమని గైడ్ గారిని అడుగు, మర్యాదగా అడిగితే ఒప్పుకుంటారు, వైవాలో ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న తప్పిపోతుందని ఆయనకీ తెలుసు.

చివరిగా, నీ దగ్గర మిగిలిన 20 గ్రాముల జిగురు పారెయ్యకు, కొత్త ఆకు ఆరేలోపు దాంతో చెయ్యి అలవాటు చేసుకో. తొమ్మిది వంతులు మిథనాల్, ఒక వంతు నీళ్లలో కలిపి హెక్సేన్‌తో మూడుసార్లు సెపరేటింగ్ ఫన్నెల్‌లో ఊపు, మైనాలూ కొవ్వులూ, పచ్చదనంలో చాలా భాగం హెక్సేన్‌లోకి పోతాయి. కింది పొరలోంచి మిథనాల్ ఆవిరి చేసి, నీళ్లు చేర్చి ఇథైల్ అసిటేట్‌తో మూడుసార్లు లాగు, చక్కెరలు, ఉప్పులు నీళ్లలోనే ఉండిపోతాయి. ఎమల్షన్ కడితే గట్టిగా ఊపకు, కాస్త ఉప్పు వేసి వదిలెయ్. క్షారం మాత్రం ఎక్కడా తగలనివ్వకు, లాక్టోన్ తెరుచుకుపోతుంది. ఆ ఇథైల్ అసిటేట్ పొర ఆరబెట్టి ప్లేట్ మీద చుక్క పెట్టి చూడు, కెడ్డేకి ఊదా రంగొస్తే కొట్టువాడు నీకు నేలవేమే అమ్మినట్టు, రాకపోతే చిరాతో ఇంకేదో. గ్లవ్స్ వేసుకో, నేనోసారి వేసుకోకుండా పనిచేసి మధ్యాహ్నం బాక్స్‌లో పులిహోర తిన్నా, చేదు తప్ప ఇంకో రుచి తగల్లేదు, ఇంటికెళ్లి మూడుసార్లు సబ్బుతో కడిగినా రాత్రి పెరుగన్నం కూడా అదే చేదు.